హీరో ముట్టుకోకూడదు: ఒక షరతు, దాని వెనకా ముందూ

ఒంగోలుకు దగ్గర్లో, మద్దిపాడు మండలంలో దొడ్డవరం అనే ఊరుంది. నటి భానుమతి 1925లో అక్కడ పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఆ ఊరు గుంటూరు జిల్లా కింద ఉండేది. తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్యకు సంగీతమంటే ప్రాణం. 1939లో వచ్చిన 'వరవిక్రయం'లో కాళింది వేషానికి దర్శకుడు సి. పుల్లయ్య ఈ పిల్లను ఎంచుకున్నప్పుడు తండ్రి ఒక షరతు పెట్టారు. మా అమ్మాయిని హీరో ముట్టుకోకూడదు, కౌగిలింతల్లాంటివి ఉండకూడదు. పుల్లయ్య ఒప్పుకున్నాకే సినిమా మొదలైంది.

ఇప్పుడు ఎవరైనా ఈ మాట చెబితే పాతకాలపు చాదస్తమని నవ్వుతారు. నాకు మాత్రం అందులో ఒక పద్ధతి కనిపిస్తుంది. షూటింగు మొదలవక ముందే చెప్పారు. తేల్చాల్సిన మనిషికే చెప్పారు. 'మర్యాదగా చూసుకోండి' అని ఊరుకోకుండా, ఏది కుదరదో విడమరిచి చెప్పారు. సన్నిహిత దృశ్యాల గురించి ఈ పదేళ్లలో అమెరికా, బ్రిటన్ యూనియన్లు రాసుకున్న నియమాలకు కూడా ఈ మూడే పునాది. లోటల్లా ఒకటే: ఆ షరతులో అమ్మాయి మాట లేదు. మాట్లాడింది నాన్న. నాన్న వెంట రాని అమ్మాయి సంగతేమిటన్నది అప్పట్లో ఎవరికీ తట్టలేదు. భానుమతికి ఆ తర్వాత ఎవరి అండా అక్కర్లేకపోయింది. దర్శకత్వ శాఖలో ఉన్న రామకృష్ణారావును పెళ్లాడి, ఇద్దరూ భరణి సంస్థ పెట్టుకుని, తనే దర్శకురాలయ్యారు. సెట్‌లో ఏం జరగాలో తనే చెప్పే స్థానంలో కూర్చున్నారు. అంతదూరం వెళ్లగలిగినవాళ్లు ఎందరని?

సినిమా రాకముందు నాటకంలోనూ ఇదే చిక్కు. స్టేజీ మీద ఆడవాళ్లుంటే పరువు తక్కువనుకున్న రోజుల్లో మగవాళ్లే చీరలు కట్టారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా వస్తుంటే ఆడవాళ్లు కూడా ఆ నడకకు ముచ్చటపడేవాళ్లని పెద్దలు చెబుతారు. ఇంకో దారి సురభి వాళ్లది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజంలో ఆడ వేషాలు ఆడవాళ్లే వేశారు. ఎలాగంటే, అందరూ ఒకే కుటుంబం. నాయికా నాయకులు బయట మొగుడూ పెళ్లాలే కావచ్చు, పక్కన పాత్రలో ఉన్నది బాబాయే కావచ్చు. ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందోనన్న భయం ఇంటి గోడల లోపలే తీరిపోయేది.

ఈ రెండు దారులకూ బయట మిగిలింది కూలికి వచ్చే నటి. పరిషత్తు నాటకాలు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేం కాదు. ఊళ్లో మాస్టర్లు, గుమాస్తాలు నెలరోజులు రిహార్సల్ చేసుకుంటారు. నాయిక వేషానికి ఆవిడ ప్రదర్శన ముందురోజో ఆ పొద్దున్నో బస్సు దిగుతుంది. డైలాగులు ముందే వచ్చు, ఇదే నాటకం వేరే సమాజంతో పదిసార్లు ఆడి ఉంటుంది. ఒక్కసారి అందరితో కలిపి చూసుకుని రాత్రికి స్టేజీ ఎక్కాలి. హీరో ఎక్కడ చెయ్యి వేస్తాడు, భుజం పట్టుకుంటాడా నడుమా అన్నది ఆ పూట అతను ఎలా ఉంటే అలా. మేకప్ గది అంటే స్కూల్లో ఒక తరగతి గది, దానికి గడియ ఉంటే అదృష్టం. తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సులకు వచ్చే అమ్మాయిల పరిస్థితి ఇంతకన్నా ఘోరం. అది వేరే కథ, ఇక్కడ ఇమడదు.

సినిమా మాత్రం చాలాకాలం ముద్దును తప్పించుకుంది. 1933లో దేవికారాణి, హిమాంశు రాయ్ తెర మీద ముద్దు పెట్టుకున్నారు కానీ వాళ్లు నిజంగా భార్యాభర్తలు. సురభి లెక్కే. తర్వాతి దశాబ్దాల్లో సెన్సారు కత్తెరకు జడిసి నిర్మాతలే ఆ జోలికి వెళ్లలేదు. కథకు అవసరమైతే ముద్దును, నగ్నతను అనుమతించవచ్చని సెన్సారు సంగతి చూడమని ప్రభుత్వం వేసిన జి.డి. ఖోస్లా కమిటీ 1969లో చెప్పినా మనవాళ్లు పువ్వుల్నీ పిట్టల్నీ వదల్లేదు. శృంగారమంతా పాటలోకి వెళ్లిపోయింది. పాట అనేసరికి డాన్స్ మాస్టర్ ఉంటాడు, లెక్క ఉంటుంది. ఒకటి రెండు మూడు నాలుగు, నాలుగుకు నడుం మీద చెయ్యి, ఎనిమిదికి వదిలెయ్యాలి. ఆ లెక్క తెలియకుండానే నటిని కొంత కాపాడింది. ఎనిమిది తర్వాత కూడా చెయ్యి అక్కడే ఉంటే యూనిట్ మొత్తానికి తెలిసిపోతుంది. అలాగని డాన్స్ మాస్టర్లందరూ కాపలాదారులని నేననను. 2024లో ఒక మాస్టర్ మీద ఆయన దగ్గర పనిచేసిన అమ్మాయే కేసు పెట్టింది.

లెక్క లేని చోటే చిక్కొచ్చింది. మన సినిమాల్లో ఒళ్లు ఎక్కువగా తగిలేది ప్రేమ సీనులో కన్నా విలన్ బలాత్కారం సీనులో. దానికి డాన్స్ మాస్టరూ లేడు, చాలాసార్లు సరైన రిహార్సలూ లేదు. 'పెనుగులాట సహజంగా రావాలి' అనే ఒక్క మాటతో వదిలేసేవాళ్లు.

సహజం అనే మాట పేరు మీద ప్యారిస్‌లో జరిగింది లోకమంతా చెప్పుకుంది. 1972లో వచ్చిన 'లాస్ట్ టాంగో ఇన్ ప్యారిస్' సినిమాకు ఇటలీ దర్శకుడు బెర్టోలూచీ, హీరో మార్లన్ బ్రాండో కలిసి ఒక అత్యాచార సీనులో ఒక వివరం కలిపారు. పంతొమ్మిదేళ్ల నటి మరియా ష్నైడర్‌కు ఆ సంగతి షూటింగు దాకా చెప్పలేదు. సీను నటనే, అవమానం నిజం, కన్నీళ్లు నిజమని ఆమె 2007లో చెప్పింది. స్క్రిప్టులో లేనిది చేయమని ఒత్తిడి పెట్టకూడదని, ఏజెంటునో లాయర్నో పిలవొచ్చని అప్పుడు తనకు తెలియదని కూడా అంది. ఆమె 2011లో పోయింది. నటిగా కాకుండా ఒక ఆడపిల్లగా ఆమె ఎలా స్పందిస్తుందో కావాలనుకున్నానని దర్శకుడు 2013లో ఒప్పుకున్నాడు.

ప్యారిస్ దాకా ఎందుకు? కొన్నేళ్ల కిందట నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో ఒక షార్ట్ ఫిలింకు నేను రిఫ్లెక్టర్ పట్టుకున్నాను. పేపర్లో సీను 'ఇద్దరూ చేతులు పట్టుకుని నడుస్తారు' అని ఉంది. సరుగుడు చెట్ల కింద అమ్మాయి వాళ్లమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండో టేకు అయ్యాక దర్శకుడు హీరో చెవిలో ఏదో అన్నాడు. నాకు వినపడింది ఇంతే: "అబ్బయ్యా, దగ్గరికి లాగెయ్, నేచురల్‌గా వస్తది." మూడో టేకులో వాడు లాగి కౌగిలించుకున్నాడు. ఆ అమ్మాయి రెండు చేతులతో తోసేసి, ఒక్క మాట మాట్లాడకుండా అలలకేసి చూస్తూ నిలబడింది. చుట్టూ చేరిన జనం ఈలలు వేశారు. రిఫ్లెక్టర్ ఎత్తి పట్టుకుని నేనూ నోరు మూసుకున్నాను. ఆ షాటే ఫైనల్‌లో ఉంచారు. రియాక్షన్ బాగా వచ్చిందట.

ఇలాంటి సీన్లకూ ఫైట్ మాస్టర్ లాంటి మనిషి ఉండాలన్న ఆలోచన నాటక రంగంలోంచే వచ్చింది. కత్తి యుద్ధానికి అడుగడుగూ నేర్పిస్తారు, ముద్దును మాత్రం ఇద్దరికీ వదిలేస్తారేమిటని అమెరికాలో టోనియా సీనా 2006లో తన యూనివర్సిటీ థీసిస్‌లో ఒక పద్ధతి రాసింది. పదేళ్ల దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2017 అక్టోబరులో హాలీవుడ్ నిర్మాత హార్వే వైన్‌స్టీన్ ఆడవాళ్లను వేధించిన బండారం బయటపడ్డాక అందరికీ అదే కావాల్సివచ్చింది. వేశ్య పాత్ర వేస్తున్న నటి ఎమిలీ మీడ్ అడగడంతో 2018లో అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీఓ తన 'ది డ్యూస్' సీరియల్‌కు ఈ పని చూసే మనిషిగా అలీసియా రోడిస్‌ను పెట్టి, ఆ ఏడాదే తన సీరియళ్లన్నిటికీ ఈ పద్ధతి వర్తింపజేసింది. 2020లో అమెరికా నటుల యూనియన్ ప్రమాణాలు రాసింది. మన దేశంలో సర్టిఫికెట్ తీసుకున్న మొదటి ఇంటిమసీ కోఆర్డినేటర్‌గా ఆస్థా ఖన్నా పేరు చెబుతారు.

ఇక్కడ చిన్న ఇబ్బంది. హైదరాబాద్ కృష్ణానగర్‌లో 'కోఆర్డినేటర్' అంటే జూనియర్ ఆర్టిస్టుల్ని షూటింగులకు పంపి కమిషన్ తీసుకునే మనిషి. చాలామంది ఆడవాళ్ల ఫిర్యాదులు ఆ కోఆర్డినేటర్ల మీదే. అందుకే ఈ కొత్త పేరు వినగానే కొందరు ఉలిక్కిపడతారు.

ఇంతకీ ఈ ఇంటిమసీ కోఆర్డినేటర్ చేసేదేమిటి? సీను కాగితం మీద ఉండగానే దర్శకుణ్ని అడుగుతుంది, నీకు కావాల్సింది ఏమిటని. తర్వాత ఇద్దరు నటులతో విడివిడిగా మాట్లాడుతుంది, రెండోవాళ్లు పక్కన లేకుండా. ఎక్కడ తాకొచ్చు, ఎక్కడ వద్దు, ఎంత ఒళ్లు కనపడొచ్చు, ఆ రషెస్, అంటే ఎడిట్ చేయని ఫుటేజీ, ఎవరు చూడొచ్చు అన్నీ రాసుకుంటుంది. రిహార్సల్‌లో కదలికల్ని డాన్సులా లెక్క కడుతుంది. చర్మం రంగు బట్టలు, మధ్యలో అడ్డుగా ఉండే మెత్త, టేపు కాస్ట్యూమర్ దగ్గర సిద్ధంగా ఉండేలా చూస్తుంది. షాట్ రోజున సెట్‌లో అవసరమైనవాళ్లే ఉంటారు, బయట మానిటర్లు ఆపేస్తారు, సెల్‌ఫోన్లు లోపలికి రావు. ముందు ఒప్పుకున్న నటి ఆ పొద్దున వద్దన్నా ఆగాల్సిందే. ఇదంతా నటులకూ మేలే. తప్పు చేస్తున్నానేమోనన్న టెన్షన్ మగ నటులకూ ఉంటుంది, బయటికి చెప్పరంతే.

మన చట్టాలు ఇంత వివరంలోకి వెళ్లవు. అసలు చట్టమే లేదన్నది మాత్రం నిజం కాదు. ఫీచర్ సినిమాలో సినీ కార్మికుల్ని రాతపూర్వక ఒప్పందం లేకుండా పెట్టుకోకూడదని పార్లమెంటు 1981లోనే చట్టం చేసింది. నిర్ణీత మొత్తానికి లోబడి పారితోషికం తీసుకునే నటీనటులు కూడా అందులోకి వచ్చేవాళ్లు, అంటే అవసరమున్న చిన్న ఆర్టిస్టులే. 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పనిచోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. ప్రతి సినిమా యూనిట్‌కూ ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. మలయాళ సినిమాలో ఆడవాళ్ల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ 2019 చివర్లో ఇచ్చిన నివేదికను నాలుగున్నరేళ్లు దాచి 2024 ఆగస్టులో బయటపెట్టారు. ఒప్పందాలు లేకపోవడం, ముందు చెప్పని సన్నిహిత సీన్లు చేయించడం అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి ఫిలిం ఛాంబర్ ముందు చేసిన నిరసన తర్వాత, మహిళా సంఘాలు కోర్టుకు వెళ్లాక, 2019లో తెలంగాణ ప్రభుత్వం సబ్ కమిటీ వేసింది. అది 2022లో నివేదిక ఇచ్చింది. దాన్ని బయటపెట్టమని 2024 ఆగస్టులో సమంత అడగాల్సివచ్చింది.

నెల్లూరు, ఒంగోలులో తీసే వెబ్ సిరీస్‌లకు ఇవన్నీ దూరపు సంగతుల్లా ఉంటాయి. యూనిట్ మొత్తం ఎనిమిది మంది, ఒక అద్దె కారు, ఒక కెమెరా. పది మంది లోపు ఉన్నచోట అంతర్గత కమిటీ అక్కర్లేదు కానీ 2013 చట్టం కింద ప్రతి జిల్లాకూ ఒక స్థానిక కమిటీ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోగా ఇవ్వాలి, కారణముంటే ఇంకో మూడు నెలలు గడువిస్తారు. ఎదుటివాడు నిర్మాతే అయితే యూనిట్ ఎంత పెద్దదైనా వెళ్లాల్సింది ఆ కమిటీ దగ్గరికే.

ఈ మధ్య నెల్లూరులో సిరీస్ తీస్తున్న ఒక స్నేహితుడితో టీ తాగుతుంటే అతని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఒంగోలు నుంచి వచ్చి నటించబోయే అమ్మాయి: "సర్, ఐదో ఎపిసోడ్ బెడ్‌రూం సీన్‌లో ఏముందో రాసి పంపండి." మావాడికి కాస్త చిరాకేసింది. గ్లాసు పక్కన పెట్టి, చాలాసేపు ఆలోచించి టైప్ చేశాడు. "హగ్ ఒకటి. చేతులు భుజాల మీదే. ముద్దు లేదు. రూంలో నేను, కెమెరామన్, మేకప్ అక్క మాత్రమే." అటునుంచి వెంటనే జవాబొచ్చింది.

"ఓకే సర్. అయితే ఈసారి అమ్మ రావట్లేదు, ఒక టికెట్ చాలు."