కొక్కేనికి వేలాడుతున్న గిన్నె: ప్రిటిల్‌వెల్ సమాధి వెనుక కథ

లండన్‌కి తూర్పున, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట సౌత్ఎండ్ అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో ప్రిటిల్‌వెల్ పేటలో, రైలు పట్టాలకీ రోడ్డుకీ మధ్య చిన్న పచ్చిక జాగా. పక్కనే ఒక పబ్బు, ఆల్డీ సూపర్‌మార్కెట్. 2003లో కౌన్సిల్ అక్కడ రోడ్డు వెడల్పు చేయాలనుకుంది. యంత్రాలు దిగే ముందు మ్యూజియం ఆఫ్ లండన్ పురావస్తు బృందం వచ్చి ఆ నేలని తవ్వి చూసింది. ఇసుకని పొరపొరగా గీకుతూ దిగుతుంటే ఒక పక్కన కంచు గిన్నె అంచు బయటపడింది. గోడకి కొట్టిన ఇనుప కొక్కేనికి వేలాడుతూ ఉంది ఆ గిన్నె. సుమారు 1,400 ఏళ్ల కిందట ఎవరో ఎక్కడ తగిలించి వెళ్లారో అక్కడే ఉంది.

ఇదెలా సాధ్యమైందో తెలిస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. నేలలో గొయ్యి తవ్వి, లోపల ఓక్ చెక్కలతో గది కట్టారు. ఒక్కో వైపు సుమారు నాలుగు మీటర్లు, లోతు మీటరున్నర. పైన కప్పు వేసి మట్టిదిబ్బ పోశారు. కాలం గడిచేకొద్దీ చెక్క పుచ్చింది, సందుల్లోంచి ఇసుక మెల్లమెల్లగా జారి గదంతా నిండింది. చెక్క పూర్తిగా మట్టిలో కలిసిపోయే సరికి, సామానుని ఉన్నచోటే పట్టుకుని నిలబెట్టడానికి ఇసుక తయారుగా ఉంది. దొంగలు కూడా ఎప్పుడూ తవ్వలేదు. కాబట్టి ఒక అంత్యక్రియలో ఏ వస్తువుని ఎక్కడ పెట్టారో ఆ అమరిక మొత్తం మనకి దక్కింది.

గదిలో ఏముందో కాస్త నిదానంగా చూడాలి. బంగారు బకిల్, ఫ్రాంకుల దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) ముద్రించిన రెండు బంగారు నాణేలు, కత్తి, డాలు, బల్లేలు. విందుకి కావలసినవన్నీ: పెద్ద కాగు, కొమ్ముతో చేసిన పానపాత్రలు, బంగారు పూత పూసిన వెండి అంచు కట్టిన చెక్క కప్పులు, నీలం గాజు పాత్రలు రెండు, ఆకుపచ్చవి రెండు. మడతపెట్టే ఇనుప పీట. బోర్డు ఆటకి ఎముక పావులు 57, జింక కొమ్ముతో చేసిన పెద్ద పాచికలు రెండు. సెర్జియస్ అనే క్రైస్తవ పునీతుడి బొమ్మ ఉన్న కూజా ఒకటి. అది మధ్యధరా తూర్పు తీరాల నుంచి అంత దూరం వచ్చింది. రంగులు వేసిన చెక్క పెట్టె ముక్కలు కూడా దొరికాయి. ఆ కాలపు ఆంగ్లో-సాక్సన్ (అప్పటి ఇంగ్లండ్ జనం) చెక్కపనిలో రంగు నిలిచి ఉన్నది ఇదొక్కటే.

మనిషి మాత్రం లేడు. అక్కడి ఇసుక నేలలో ఆమ్లం ఎక్కువ, ఎముకల్ని తినేస్తుంది. శవపేటిక ఉన్న చోట పంటి ఎనామిల్ తునకలు కొన్ని మిగిలాయి, అంతే. తల ఉండాల్సిన చోట రెండు చిన్న శిలువలు దొరికాయి. పల్చని బంగారు రేకుని కత్తిరించి చేసినవి. బహుశా మూసిన కళ్ల మీద పెట్టి ఉంటారు. ఈ సమాధి గురించి నేను చదివిన వాటిలో మనసుని ఎక్కువగా పట్టేసింది ఆ రెండు శిలువలే. మొహం లేదు, పుర్రె లేదు, చూపుని కప్పిన రేకు మాత్రం ఉంది.

ప్రిటిల్‌వెల్ గురించి రాసేవాళ్లంతా బంగారం దగ్గర ఆగిపోతారు. పత్రికలు ఆ మనిషికి 'కింగ్ ఆఫ్ బ్లింగ్', అంటే తళుకుల రాజు, అని పేరు కూడా పెట్టాయి. నాకు మాత్రం ముందు తేలాల్సిన ప్రశ్న వేరే కనిపిస్తుంది. రోడ్డు పని మొదలవకముందే పురావస్తు బృందం అక్కడికి ఎలా చేరింది? ఎందుకంటే అదే చోట 1920ల్లో మొదటిసారి రోడ్డు వేసినప్పుడు కూడా సమాధులు బయటపడ్డాయి. అప్పుడు కూలీల చేతికి దొరికినవి దొరికాయి, రోడ్డు మాత్రం ఆగలేదు. ఆ రోడ్డు ఇంకాస్త పక్కకి జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఎనభై ఏళ్లలో ఏం మారిందన్నదే ఈ కథ.

ముందు ఈ జనం ఎవరో రెండు మాటల్లో. క్రీ.శ. 410 ప్రాంతంలో రోమన్ పాలన బ్రిటన్ నుంచి తప్పుకుంది. ఆ తర్వాత నేటి ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగిల్స్, సాక్సన్లు, జూట్లు సముద్రం దాటి వచ్చారు. సౌత్ఎండ్ ఉన్న ఎసెక్స్ కౌంటీ పేరుకి అర్థమే 'తూర్పు సాక్సన్లు'. వాళ్లు వచ్చిన మొదటి రెండు శతాబ్దాల గురించి వాళ్లే రాసుకున్న చరిత్ర లేదు. బీడ్ అనే సన్యాసి తన చరిత్రని ముగించింది 731లో, అంటే చాలా తర్వాత. అందుకే ఆ తొలి కాలానికి శ్మశానాలే దస్తావేజులు. కొందరిని కాల్చి బూడిదని కుండల్లో పెట్టి పాతారు, కొందరిని బట్టలు, నగలు, ఆయుధాలతో సహా ఖననం చేశారు. నార్ఫక్‌లోని స్పాంగ్ హిల్‌లో 1972 నుంచి పదేళ్లు తవ్వితే రెండు వేలకు పైగా దహన సమాధులు దొరికాయి.

ఈ సమాధులు సాక్సన్లవని గుర్తుపట్టడానికే చాలా కాలం పట్టింది. 18వ శతాబ్దంలో కెంట్‌లో బ్రయన్ ఫాసెట్ అనే చర్చి ఫాదర్ వందల సమాధులు తవ్వించాడు. 1771లో కింగ్‌స్టన్ అనే చోట ఆయనకి దొరికిన బంగారు బ్రూచ్ (బట్టకి గుచ్చుకునే పిన్ను), ఎర్ర గార్నెట్ రాళ్లు పొదిగిన ఆ నగ, ఇప్పటికీ ఆంగ్లో-సాక్సన్ పనితనానికి మచ్చుతునక. ఆయన మాత్రం అవన్నీ రోమన్ కాలపు బ్రిటన్ వాసులవే అనుకుంటూ కన్నుమూశాడు. ఏ సమాధిలో ఏం దొరికిందో శ్రద్ధగా రాసిపెట్టుకున్నాడు కాబట్టి, ఆ పొరపాటుని తర్వాతివాళ్లు దిద్దగలిగారు. ఆ శతాబ్దం చివర్లోనే జేమ్స్ డగ్లస్ ఇవి సాక్సన్ల సమాధులని తేల్చాడు. అయినా 1853లో ఫాసెట్ సేకరణని అమ్మజూపితే బ్రిటిష్ మ్యూజియం వద్దంది. జోసెఫ్ మేయర్ అనే లివర్‌పూల్ కంసాలి కొనకపోయి ఉంటే అదంతా చెల్లాచెదురైపోయేది.

గొప్పింటివాళ్ల సమాధులు అంతకన్నా ఘోరంగా దొరికాయి. 1883లో టాప్లో అనే ఊరి పాత చర్చి ఆవరణలోని మట్టిదిబ్బని స్థానికులు తవ్వారు. తవ్వుతుండగా మట్టి కూలింది. బంగారు బకిల్, పానపాత్రలు, ఒక వాద్యం ముక్కలు బయటికి వచ్చాయి కానీ, ఏది ఎక్కడ ఉందో చాలావరకు తెలియకుండా పోయింది. 1888లో ఎసెక్స్‌లోనే బ్రూమ్‌ఫీల్డ్‌లో కంకర తవ్వే కూలీలకి ఒక గది సమాధి తగిలింది. అక్కడా ఎముకలు లేవు, అక్కడా నీలం గాజు పాత్రలు రెండు. ప్రిటిల్‌వెల్ జతని చూసినవాళ్లకి వెంటనే గుర్తొచ్చింది బ్రూమ్‌ఫీల్డే. కాకపోతే బ్రూమ్‌ఫీల్డ్‌లో పాత్రలు దక్కాయి కానీ గది దక్కలేదు.

1939లో సఫక్‌లోని సట్టన్ హూ దగ్గర ఎడిత్ ప్రెటీ తన పొలంలోని దిబ్బల్ని తవ్వించింది. పని చేసింది బేసిల్ బ్రౌన్, పెద్ద డిగ్రీలు లేని స్థానిక మనిషి. 27 మీటర్ల ఓడ ఆకారం ఇసుకలో బయటపడింది. చెక్క లేదు, ఇనుప మేకుల వరసలు, మట్టి మీద దాని ముద్ర మాత్రమే. మట్టిలో మరక కూడా సాక్ష్యమేనని అందరికీ తెలియజెప్పిన తవ్వకం అది. ఆ నిధి భూమి యజమానిదే అని విచారణలో తేలితే, ఆమె మొత్తాన్నీ బ్రిటిష్ మ్యూజియంకి ఇచ్చేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫాసెట్ నుంచి ప్రెటీ దాకా అంతా ఒక వ్యక్తి ఆసక్తి మీదో, మంచితనం మీదో నడిచింది. ఆ వ్యక్తి లేని చోట ఏమీ లేదు.

యుద్ధం తర్వాత ఇళ్లు, రోడ్లు, కంకర క్వారీలు ఉప్పెనలా వచ్చాయి. ఎసెక్స్‌లోనే మకింగ్ అనే చోట క్వారీ యంత్రాల ముందు పరిగెడుతున్నట్టుగా మార్గరెట్ జోన్స్, ఆమె భర్త టామ్ 1965 నుంచి 1978 దాకా తవ్వారు. ఒక ఊరు, రెండు శ్మశానాలు, ఎనిమిది వందలకు పైగా సమాధులు. అలాంటి పనికి 'రెస్క్యూ' తవ్వకం అనే పేరు ఊరికే రాలేదు. టెన్షన్ అంతా రేపు ఇక్కడ నేల ఉంటుందా లేదా అన్నదే.

మలుపు లండన్‌లో వచ్చింది. 1989లో ఆఫీసు భవనం కడుతుంటే షేక్‌స్పియర్ కాలపు రోజ్ నాటకశాల పునాదులు బయటపడ్డాయి. దాన్ని కాపాడాలని నటులు, జనం రోడ్డెక్కారు. మరుసటి ఏడాది, 1990లో, ప్రభుత్వం ప్లానింగ్ శాఖలకి పీపీజీ-16 అనే మార్గదర్శక పత్రం ఇచ్చింది. సారాంశం సులువు: నేల కింద ఏముందో అనుమతి ఇవ్వకముందే చూడాలి, వీలైతే ఉన్నచోటే ఉంచాలి, వీలుకాకపోతే తవ్వి నమోదు చేయించే బాధ్యత కట్టేవాళ్లదే. ఈ పొడి ఆఫీసు కాగితానికి నేను సట్టన్ హూ ఓడలో దొరికిన శిరస్త్రాణం పక్కనే చోటిస్తాను. 1920ల్లో బయటపడిన సమాధుల సంగతి రికార్డుల్లో ఉంది. కాబట్టి 2003లో రోడ్డు వెడల్పు అనగానే ముందు తవ్వి చూడక తప్పలేదు. కొక్కేనికి ఉన్న గిన్నె కొక్కేనికే కనబడింది అందుకే.

కానీ కాగితం అక్కడితో ఆగుతుంది. వస్తువులు తీసేశాక రోడ్డు వేసుకోవచ్చా? వేసుకోవచ్చనే కౌన్సిల్ ముందుకు కదిలింది. ఊరివాళ్లలో చాలామందికి అది మింగుడుపడలేదు. సమాధి ఉన్న స్థలం, పక్కనే పార్కు చెట్లు, రెండూ పోతాయని 2005లో నిరసనకారులు ఆ పచ్చికలోనే గుడారాలు వేశారు. పత్రికలు పెట్టిన పేరునే తీసుకుని 'క్యాంప్ బ్లింగ్' అని పిలుచుకున్నారు. ఎండకీ వానకీ చలికీ దాదాపు నాలుగేళ్లు అక్కడే ఉన్నారు. 2009లో కౌన్సిల్ ఆ రోడ్డు పథకాన్ని వదిలేసింది. ఆ స్థలం ఇప్పటికీ పచ్చికే.

ఈలోగా అసలు పని ల్యాబులో నడిచింది. పెళుసైన వస్తువుల్ని మట్టి దిమ్మలతో సహా ఎత్తి తెచ్చారు. నలభై మందికి పైగా నిపుణులు ఎక్స్‌రేలు, మైక్రోస్కోపుల కింద ఏళ్ల తరబడి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. అదే ఏడాది వస్తువులు సౌత్ఎండ్ సెంట్రల్ మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనకి చేరాయి. తమ ఊరి మట్టిలో దొరికినవి తమ ఊళ్లోనే ఉండటం చిన్న విషయం కాదు.

ఫలితాలు పాత ఊహని తలకిందులు చేశాయి. మొదట్లో అందరూ ఇది ఎసెక్స్ రాజు సేబర్ట్ సమాధి అనుకున్నారు. కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ చెల్లెలు రిక్యులా కొడుకు ఆయన. మేనమామ బాటలో 604 ప్రాంతంలో క్రైస్తవం తీసుకుని 616 ప్రాంతంలో చనిపోయాడు. శిలువలు సరిపోయాయి, హోదా సరిపోయింది. కానీ పానపాత్ర కొమ్ము, చెక్క ముక్కల కార్బన్ పరీక్షలు, నాణేలు కలిపి చూస్తే సమాధి కాలం 575కీ 605కీ మధ్య అని తేలింది. బహుశా 6వ శతాబ్దం చివరి ఇరవై ఏళ్లలోనిది. అంటే సేబర్ట్ కాదు. ఆయన సోదరుడు సీక్సా అయి ఉండవచ్చని ఒక సూచన ఉంది, నిరూపణ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పోప్ పంపిన అగస్టీన్ కెంట్‌లో అడుగుపెట్టింది 597లో. అంతకంటే ముందే ఎసెక్స్‌లో ఒకరి కళ్ల మీద శిలువలు ఎలా వచ్చాయి? సమాధానం బహుశా ఆ మేనమామ ఇంట్లోనే ఉంది. ఎథెల్‌బర్ట్ రాణి బెర్తా ఫ్రాంకుల రాజకుమార్తె. అగస్టీన్ రాకముందే తన మతగురువుని వెంటబెట్టుకుని క్రైస్తవురాలిగానే వచ్చింది. వదిన అలవాట్లు ఆడపడుచు ఇంటికి పాకడం ఎక్కడైనా జరిగేదే. అయితే విందు సామాను, ఆయుధాలు అన్నీ పెట్టి దిబ్బ పోయడం పాత పద్ధతే. రెండు మతాలు ఒకే గదిలో ఉన్నాయి. బీడ్ రాసిన ఒక ముచ్చట దీనికి చక్కగా అతుకుతుంది. సేబర్ట్ చనిపోయాక ఆయన కొడుకులు బాప్తిస్మం తీసుకోకుండానే బిషప్ దగ్గరికి వెళ్లి, చర్చిలో ప్రసాదంలా మా నాన్నకి ఇచ్చిన ఆ తెల్ల రొట్టె మాకెందుకు ఇవ్వవని నిలదీశారట. ఇవ్వనంటే ఆయన్ని రాజ్యం నుంచే వెళ్లగొట్టారు.

2022లో వచ్చిన పెద్ద డీఎన్ఏ అధ్యయనం, తొలి మధ్యయుగంలో తూర్పు, దక్షిణ ఇంగ్లండ్ జనం వంశంలో సగటున 76 శాతం ఉత్తర యూరప్ ఖండం నుంచి వచ్చిందని చూపింది. ప్రిటిల్‌వెల్ మనిషి ఆ లెక్కలోకి రాడు. పరీక్షకి ఎముకో, పూర్తి పన్నో కావాలి.

చివరగా వాద్యం. గదిలో ఒక చోట చెక్క మొత్తం పోయి నల్లటి మరక మాత్రం మిగిలింది, దాని మధ్య లోహపు బిళ్లలు. మట్టితో సహా ఎత్తి ల్యాబులో విప్పితే అది లైర్ అనే తీగ వాద్యం. మేపుల్ చెక్కతో చేసింది. ఆంగ్లో-సాక్సన్ లైర్ పూర్తి ఆకారం తెలిసింది అక్కడే. దాని బిళ్లల్లో పొదిగిన ఎర్ర గార్నెట్లు భారత ఉపఖండం నుంచో శ్రీలంక నుంచో వచ్చాయని పరీక్షల్లో తేలింది. తెలుగువాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత ఖమ్మం జిల్లాలోని గరీబ్‌పేట గార్నెట్ గుట్ట ప్రాచీన కాలం నుంచీ వాడిన వనరు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు పూసలకి రాయి అక్కడిదేనని రసాయన పరీక్షలు చూపాయి. యూరప్‌లో ఫ్రాంకుల కాలపు నగల్లోని ఒక రకం గార్నెట్లు కూడా ఆ రాయితో సరిపోలుతున్నాయని పరిశోధకులు రాశారు. ప్రిటిల్‌వెల్ రాయి ఫలానా గుట్టదని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ ఆ దారి మన వైపు నుంచి వెళ్లింది.

ఆ లైర్ దాని జీవితకాలంలో ఒకసారి రెండు ముక్కలుగా విరిగింది. దాన్ని పారేయకుండా ఇనుము, వెండి, బంగారు పూత పూసిన రాగి పట్టీలు వేసి అతికించారు. తర్వాత మళ్లీ వాయించారో లేదో గానీ, గది మూసేటప్పుడు ఆ మనిషికి తోడుగా కొత్తది పెట్టలేదు. అతికించిన పాతదాన్నే పెట్టారు.