బీటెక్‌తో పాటే ఎంటెక్: ఆరేళ్ల చదువు ఐదేళ్లకు ఎలా దిగింది?

ఐఐటీల్లో ఒకప్పుడు బీటెక్కే ఐదేళ్లు. స్కూలు చదువు 10+2 పద్ధతికి మారాక కింద ఒక ఏడాది పెరిగింది, పైన ఒక ఏడాది తగ్గింది. 1980ల మొదట్లో బీటెక్ నాలుగేళ్లయింది. తీసేసిన ఆ ఐదో ఏడాది 1990ల రెండో సగంలో డ్యూయల్ డిగ్రీ పేరుతో మళ్లీ వచ్చింది. ఇంకో ఏడాది ఉంటే ఎంటెక్ పట్టా కూడా చేతికొస్తుందన్నమాట.

దీని వెనక ఐఐటీల సొంత బాధ ఉంది. బీటెక్ పూర్తిచేసిన వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగానికో అమెరికాకో వెళ్లిపోయేవారు. ఐఐటీలోనే ఎంటెక్‌కు ఆగేవాళ్లు తక్కువ. తాము చదువు చెప్పిన పిల్లలను పరిశోధన వైపు నిలుపుకోవాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే కానీ, ఆ నిర్ణయాన్ని పదిహేడేళ్ల పిల్లల మీద పెట్టారు.

ఐఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే ఇంట్లో జరిగేది చూడండి. కోరుకున్న బ్రాంచి నాలుగేళ్ల బీటెక్‌కు ర్యాంకు కొద్దిలో సరిపోదు. అదే బ్రాంచి ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ చాలాసార్లు కాస్త వెనక ర్యాంకుకే దొరుకుతుంది. 'ఏడాదే కదా, పెట్టెయ్' అంటారు నాన్న. పరిశోధన మాట అక్కడ ఎవరి నోటా రాదు. అలా చేరిన వాళ్లకు నాలుగో ఏట టెన్షన్ మొదలవుతుంది. పక్క గదివాడు ఉద్యోగంలో చేరిపోతుంటే తనకింకా ఏడాది మిగిలి ఉంటుంది.

స్టాన్‌ఫర్డ్‌లో 'కోటర్మ్' పద్ధతి ఇందుకు తలకిందులు. డిగ్రీలో చేరి, కొంత చదివాక, మాస్టర్స్ కావాలనుకున్న వాళ్లు దరఖాస్తు చేసుకుంటారు. మన దగ్గరా అటువైపు కదలిక వచ్చింది. ఐఐటీ మద్రాస్‌లో బీటెక్ విద్యార్థులు మధ్యలో డేటా సైన్స్, రోబోటిక్స్ లాంటి అంశాల్లో డ్యూయల్ డిగ్రీకి మారొచ్చు. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ మాత్రం ముందే ఎంచుకునే పద్ధతినీ నడుపుతోంది. కాకపోతే పరిశోధన మీద ఆసక్తిని చూసేందుకు సొంత ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టింది. అక్కడ రెండో పట్టా ఎంఎస్ బై రీసెర్చ్ కాబట్టి థీసిస్ తేలాలి. అది తేలక ఆరో ఏట అడుగుపెట్టేవాళ్లూ ఉంటారు.

అసలు ఏడాది ఎలా మిగులుతుంది? సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018 నాటి నమూనా ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు (చదివిన కోర్సులను కొలిచే లెక్క), ఎంటెక్‌కు 68, మొత్తం 228. సెమిస్టర్‌కు 20 చొప్పున పది సెమిస్టర్లలో అయ్యేది 200. మిగతా 28 క్రెడిట్లను ఎక్కడో సర్దాలి. పీజీ ఎలెక్టివ్‌లను (విద్యార్థి ఎంచుకునే కోర్సులను) రెండు డిగ్రీల్లోనూ లెక్కవేయడం, బీటెక్ ప్రాజెక్టును ఎంటెక్ థీసిస్‌లో కలిపేయడం మామూలుగా ఉన్న దారులు. మొదటిది నిజంగా పీజీ స్థాయి కోర్సే అయితే నష్టం లేదు. పాత బీటెక్ ఎలెక్టివ్‌కే కొత్త కోడ్ తగిలిస్తే మాత్రం పట్టా రెండు, చదువు ఒకటిన్నర.

2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీ చదివినవారికి ఏడాది పీజీకి దారి తెరిచింది. 2024లో యూజీసీ ఇచ్చిన పీజీ క్రెడిట్ చట్రంలో ఎంటెక్‌కు మాత్రం రెండేళ్ల లెక్కే ఉంది. కాబట్టి ఇంజినీరింగ్ వాళ్లకు ఏడాది కలిసిరావాలంటే డ్యూయల్ డిగ్రీయే దిక్కు.

తెలుగు ఇళ్లలో దీనికి పోటీ ఇంకో ఐఐటీ కాదు, అమెరికా ఎంఎస్. ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సుల్లో అక్కడ ఎంఎస్ చేసినవారికి ఏడాది ఓపీటీ (చదువయ్యాక అక్కడే పనిచేసేందుకు ఇచ్చే అనుమతి), 2016 నిబంధన ప్రకారం మరో 24 నెలల పొడిగింపు, కలిపి మూడేళ్లు పనిచేసే వీలుంటుంది. అప్పు చేసి వెళ్లేది ముఖ్యంగా ఆ మూడేళ్ల కోసమే. ఇక్కడి ఐదో ఏడాదిని ఎంత బాగా రూపొందించినా దాంట్లో అది లేదు.