ముందు ఏది, తర్వాత ఏది: గోదావరి మీద 180 ఏళ్ళ కథ

2025 జనవరిలో పోలవరం దగ్గర గోదావరి ఇసుకలో, డ్యామ్ కింద ఊట ఆపడానికి ఒక గోడ కట్టడం మొదలైంది. దాని పక్కనే, అదే పని కోసం 2018లో కట్టి ముగించిన ఇంకో గోడ ఉంది. పాతదానికి సుమారు 440 కోట్లయింది. కొత్తదానికి 990 కోట్ల దాకా అవుతుందని లెక్క వేశారు. ఈ రెండు గోడల మధ్య ఏం జరిగిందన్నది ఆంధ్రలో ఏ పార్టీవాళ్ళని అడిగితే ఆ పార్టీ సమాధానం వస్తుంది. కాంట్రాక్టర్ల మార్పు, బిల్లుల పంచాయితీ, కేంద్రం నిధుల జాప్యం అన్నీ నిజమే. కానీ వాటన్నిటికంటే ముందు, ఏ పని తర్వాత ఏ పని చేయాలన్న వరస తప్పింది. ఈ నది మీద వరస తప్పని ప్రాజెక్టు కూడా ఒకటుంది, ధవళేశ్వరం ఆనకట్ట. పోలవరం నుంచి కిందికి వస్తే నలభై కిలోమీటర్ల పైచిలుకు, అంతే.

1832-33 కరువు గోదావరి జిల్లాల్ని ఊడ్చేసింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నది పక్కనే పారుతుండగా జనం ఆకలితో చచ్చారు. కుంఫణీవాళ్ళకు జనం మీద జాలి కంటే శిస్తు పడిపోయిందన్న బెంగ ఎక్కువని చెప్పడంలో తప్పేమీ లేదు. ఆ బెంగతోనే ఆర్థర్ కాటన్‌ని పంపారు. ఆయన 1844లో నివేదిక ఇచ్చాడు, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది, 1852కి ఆనకట్ట లేచింది.

అయిదేళ్ళన్న మాట పట్టుకుని 'తెల్లదొర అయిదేళ్ళలో కట్టాడు, మనవాళ్ళు ఎనభై ఏళ్ళయినా కట్టలేకపోయారు' అనడం మన దగ్గర మామూలు. ఆ పోలిక నాకు ఎప్పుడూ రుచించదు. కాటన్ కట్టింది డ్యామ్ కాదు. నదికి అడ్డంగా వేసిన పన్నెండు అడుగుల గట్టు. నీళ్ళను నిలవ చేయదు, కాలువల ఎత్తుకి లేపుతుంది, అంతే. వరదొస్తే మీదుగా పోతుంది. దానికింద ఊళ్ళు మునగలేదు. నిర్వాసితులనే లెక్కే లేని ప్రాజెక్టునీ, లక్షకు పైగా కుటుంబాల్ని లేపాల్సిన ప్రాజెక్టునీ ఒకే త్రాసులో వేయలేం.

అయినా కాటన్ దగ్గర చూడాల్సినవి ఉన్నాయి. నది లంకల వల్ల నాలుగు పాయలుగా చీలే చోటు వెతికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టాడు. రాయి పక్కనే ధవళేశ్వరం కొండలో దొరికింది. ఇసుకలో పునాది నిలబెట్టే విద్య అంతకుముందు తంజావూరు వైపు పనిచేసినప్పుడు, కావేరి మీద చోళుల పాత ఆనకట్ట కల్లణై చూసి నేర్చుకున్నాడు. ఆ మాట దాచుకోలేదు కూడా. మధ్యలో జబ్బుపడి సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఓర్ బాధ్యత తీసుకున్నాడు, పని ఆగలేదు. కూలీల్ని కూర్చి పని నడిపించినవాళ్ళలో వీణం వీరన్న పేరు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఖర్చు అంచనాలోనే ఉండిపోయిందా అంటే, లేదు. నాలుగు లక్షల 75 వేల రూపాయల అంచనా దాటిపోయింది. డబ్బు కోసం కాటన్ పైవాళ్ళతో ఏళ్ళ తరబడి ఉత్తరాల యుద్ధం చేశాడు. అయితే ఒక్కటి గమనించాలి. గట్టు లేచిన ప్రతి దశలోనూ దాని వల్ల ఏదో ఒక ప్రయోజనం కనపడుతూ వచ్చింది. కాలువలు తర్వాత కొన్నేళ్ళ పాటు తవ్వుతూనే పోయారు. వైనతేయ పాయ మీదుగా కోనసీమ లంకలకి నీళ్ళు దాటించడానికి గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టారు. ఆనకట్ట ఎత్తు కూడా తర్వాతి తరాలు పెంచుకుంటూ వచ్చాయి. 1982లో దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. ఎక్కడ ఆగినా, ఆగినంత మేర పొలం తడిసింది.

పోలవరం ఆలోచన 1940ల నాటిది. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజినీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ వేసిన ఆ పథకం పేరు రామపాదసాగర్. నిలిచిన నీళ్ళు భద్రాద్రి రాముడి పాదాల్ని తాకుతాయని ఆ పేరు. అంచనా అప్పట్లో 129 కోట్లు. అంత డబ్బు లేక అటకెక్కింది. ఈలోగా కృష్ణ మీద నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్ళొదిలారు. అక్కడ మునిగే లోయలో బౌద్ధ క్షేత్రముందని 1954లోనే తవ్వకాలు మొదలుపెట్టి, నీళ్ళు రాకముందే చైత్యాలూ విహారాల్లో ముఖ్యమైనవాటిని కొండ మీద తిరిగి నిలబెట్టారు. రాళ్ళకి ఆ వరస పాటించాం. ఈ మాట తర్వాత గుర్తు చేస్తాను.

1980లో గోదావరి నీళ్ళ పంపకం మీద బచావత్ ట్రిబ్యునల్ అవార్డు వచ్చింది. పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణలోకి మళ్ళించుకోవచ్చంది. 1981లో ముఖ్యమంత్రి టి. అంజయ్య శంకుస్థాపన చేశారు. తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఆ శిలాఫలకమే ప్రాజెక్టు. 2004 తర్వాత జలయజ్ఞంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం కదిలించింది. కానీ మొదలుపెట్టింది కాలువలతో. కుడి కాలువ 174 కిలోమీటర్లు, ఎడమ కాలువ 181. డ్యామ్‌కి అనుమతుల తగాదా, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కేసులు నడుస్తుండగా, నీళ్ళు లేని కాలువలు తవ్వుతున్నారని జనం నవ్వారు. నేనూ నవ్వాను. 2015లో పట్టిసీమ దగ్గర మోటార్లు పెట్టి అదే కుడి కాలువలోకి గోదావరి నీళ్ళు ఎత్తిపోసి కృష్ణ డెల్టాకి పంపినప్పుడు ఆ నవ్వు కొంత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తొందరపడి చేసినదైనా, తనంతట తాను పనికొచ్చే ముక్క అది.

అసలు వరస తప్పింది నది మధ్యలో. పోలవరం దగ్గర ఇసుక కొన్నిచోట్ల వంద మీటర్ల దాకా ఉంటుంది. అందుకే నదికి అడ్డంగా మట్టి, రాతి కట్ట వేసి, నీళ్ళు వదిలే 48 గేట్ల స్పిల్‌వేని కుడిగట్టు మీద రాతి నేలలో పెట్టారు. కట్ట కింద ఇసుకలోంచి ఊట పోకుండా నేలలోకి దించేదే డయాఫ్రం వాల్. దానికి ముందూ వెనకా తాత్కాలికంగా కాఫర్ డ్యామ్‌లు లేపి, నదిని స్పిల్‌వే వైపు తిప్పి, మధ్యలో పొడినేల మీద కట్ట పని చేసుకోవాలి. నదిని తిప్పాలంటే స్పిల్‌వే సిద్ధమవ్వాలి. ఎగువ కాఫర్ డ్యామ్ పూర్తిగా లేస్తే వెనక నీళ్ళు నిలుస్తాయి, ఊళ్ళు మునుగుతాయి. అంటే ముందు మనుషులు లేవాలి.

మనుషులు లేవలేదు. నాగార్జునసాగర్ దగ్గర రాళ్ళకి పాటించిన వరస ఇక్కడ మనుషులకి పాటించలేదు. ముంపు మండలాలు ఏడింటిని 2014లోనే ఆంధ్రలో కలిపారు గానీ, కోయలకీ కొండరెడ్లకీ కట్టాల్సిన కాలనీలు, ఇవ్వాల్సిన డబ్బు వెనకబడ్డాయి. గోడ మాత్రం 2018కి పూర్తయింది. స్పిల్‌వే కాలేదు. ఊళ్ళు మునుగుతాయని కాఫర్ డ్యామ్ చివర్లలో ఖాళీలు వదిలారు. 2019, 2020 వరదలు ఆ ఖాళీల్లోంచి దూకాయి. వెడల్పాటి నది ఇరుకు సందులోంచి పోతే వేగం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇసుక లేచిపోయి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, గోడ దెబ్బతింది. స్పిల్‌వే మీదుగా నదిని మళ్ళించింది 2021 జూన్‌లో. గోడ కట్టిన మూడేళ్ళకి.

మేం ఇల్లు కట్టుకున్నప్పుడు బోరు వేయకుండానే ప్రహరీ లేపేశాం. తీరా బోరు బండి లోపలికి రాలేదు. కట్టిన ప్రహరీ ఒక పక్క పడగొట్టించాం. 'ముందే చెప్పాను గదండీ' అన్నాడు మేస్త్రీ. చెప్పాడు కూడా. ముహూర్తం దాటిపోతుందని మేమే వినలేదు. పోలవరంలోనూ వరస తెలియని ఇంజినీరు ఉండడు. గోడ కనిపిస్తుంది, దాని పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు, ఎన్ని మీటర్లయిందో వారం వారం చెప్పొచ్చు. ముంపు మండలం వేలేరుపాడులో ఒక కుటుంబానికి కొత్త పట్టా ఇవ్వడంలో అలా చూపించడానికేముంటుంది?

2024 ఆగస్టులో కేంద్రం సవరించిన అంచనా 30,436 కోట్లకి ఒప్పుకుంది. అది మొదటి దశకి, 41.15 మీటర్ల నీటిమట్టం వరకే. పూర్తి మట్టం 45.72. మధ్యలో ఉన్న నాలుగున్నర మీటర్లలోని ఊళ్ళకి పరిహారం తర్వాతి దశలో. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు 41.15 జాబితాలో లేని ఊళ్ళూ మునిగాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వైపు అప్పటినుంచి మనుషులు తమ ఊరు మీటర్ల లెక్కలో ఏ పక్కనుందో అడుగుతున్నారు. తమ ఇంటి గోడ కూలితే బాగు చేసుకుందామా, వద్దా అన్నది కూడా ఆ సమాధానం మీదే ఉంది.