వానలో త్రోబాల్: అపోహలు, వాస్తవాలు

చెన్నైలో చిత్త కార్తె దాటి స్వాతి వచ్చిందంటే మా జట్టుకు ఏ ఆదివారం ఆట సాగుతుందో, ఏ ఆదివారం ఆగుతుందో చెప్పలేం. ఈ నగరంలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్లనే కురుస్తుంది. కొళత్తూరు, విల్లివాక్కం, అయనావరం ప్రాంతాల్లోని తెలుగు గృహిణులకూ, ఉద్యోగినులకూ నేను కొన్నేళ్లుగా త్రోబాల్ నేర్పుతున్నాను. జట్టుకు ఏడుగురు చొప్పున నిలబడి, నెట్ మీదుగా వచ్చిన బంతిని పట్టి అవతలి జట్టు వైపు విసిరే ఆట ఇది. వానాకాలపు ఆట గురించి వాళ్ల ఇళ్లలోనూ మైదానం గట్టునా వినిపించే మాటల్లో కొన్ని ఉత్త భయాలు, కొన్ని నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి. రెంటినీ ఒకే గాట కట్టకూడదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: వానలో తడిస్తే జ్వరం ఖాయం, నెలసరి రోజుల్లో అయితే గర్భసంచికి చలువ చేస్తుంది.

జలుబూ, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి తప్ప వాన నీటి వల్ల రావు. అయితే చెమట పట్టిన ఒంటితో, తడి బట్టలతో ఏసీ బస్సెక్కి గంటసేపు కూర్చుంటే ఒళ్లు చల్లబడి వణుకు పుడుతుంది కాబట్టి, ఆట ముగిసిన పది నిమిషాల్లో పొడి బట్టలు మార్చుకోవాలని మా జట్టులో నియమం పెట్టుకున్నాం. నెలసరి సంగతీ అంతే. తడి వల్ల గర్భసంచికి ఏ హానీ జరగదు. నొప్పి ఉంటే ఆగాలి, లేకపోతే ఆడవచ్చు. తడిసిన ప్యాడ్ మాత్రం వెంటనే మార్చుకోవాలి, లేదంటే తొడలు ఒరుసుకుపోతాయి.

అపోహ: ఉరుము ఎక్కడో దూరాన ఉంది, ఈ సెట్ పూర్తిచేసి ఆపుదాం.

నేను అన్నిటికంటే ఎక్కువగా పోరాడేది ఈ మాట మీదనే. ఉరుము చెవిన పడిందంటే పిడుగు పడగలిగే దూరంలో మనం ఉన్నామనే అర్థం. మెరుపు కనిపించాక ధ్వని మనల్ని చేరడానికి కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 లెక్కపెట్టేలోపే శబ్దం వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే పడుతోందన్నమాట. చినుకైనా పడని చోట కూడా పిడుగు పడగలదు. పైగా మన కోర్టులో నిటారుగా నిలబడి ఉన్నవి రెండు ఇనుప స్తంభాలు, వాటి మధ్య చాలా చోట్ల బిగించేది ఉక్కు తీగ. దాని పక్కనే చేతులు పైకెత్తి నిలబడే ఆట ఇది. అందుకే ఆట ఆపాక చివరి ఉరుము వినిపించినప్పటి నుంచి 30 నిమిషాలు గడిచేదాకా కోర్టులోకి దిగకూడదు, మధ్యలో మళ్లీ ఉరిమితే లెక్క మొదటి నుంచి వేసుకోవాలి.

ఒక టోర్నమెంటులో నిర్వాహకులు పది నిమిషాలకే మళ్లీ విజిల్ వేయించారు. మా జట్టు ఆడవాళ్లు “అక్కా, మనం దిగకపోతే పాయింట్లు వాళ్లకిచ్చేస్తారట” అంటే, ఇవ్వనీండమ్మా అని జట్టును పక్కనున్న కాంక్రీటు భవనంలోకి తీసుకెళ్లాను. ఆ మ్యాచ్ పోయినందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు. షామియానా, రేకుల షెడ్డు, చెట్టు నీడ పిడుగు నుంచి కాపాడవు, రబ్బరు అడుగున్న బూట్లూ కాపాడవు. కాంక్రీటు భవనం లేదా అద్దాలు మూసిన కారే దిక్కు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ మన చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ప్రతి జట్టులో కనీసం ఇద్దరి ఫోన్లలో అది ఉండాలి.

దీనికి తోడు ఇంకొక నమ్మకం ఉంది: పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాక్ కొడుతుందని. ఆ శరీరంలో విద్యుత్తు నిలిచి ఉండదు, నిర్భయంగా తాకవచ్చు. శ్వాస లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కడం మొదలుపెట్టి, మరొకరి చేత 108కి ఫోన్ చేయించాలి. ముట్టుకోవడానికి భయపడి దూరంగా నిలబడిన ఆ రెండు నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు.

అపోహ: బంతి తడిస్తే ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

త్రోబాల్‌లో బంతిని ఒక్కరే రెండు చేతులతో ఒకేసారి పట్టాలి, అరచేతులకు తప్ప ఒంటికి తగలకూడదు, చేతుల్లో అది తిరగకూడదు, పట్టేటప్పుడు పాదాలు నేల మీదే ఉండాలి. పట్టిన మూడు సెకన్లలోపు భుజం పైనుంచి ఒంటి చేత్తో విసిరేయాలి. ఈ నియమాలన్నిటికీ వాన పరీక్ష పెడుతుంది. తడి బంతిని వేళ్లు బిగించి నొక్కితే సబ్బుబిళ్లలా ముందుకు జారుతుంది, లేదా అరచేతుల మధ్య కొంచెం తిరుగుతుంది. ఆ కొంచెం చాలు, రెఫరీ విజిల్ వేస్తారు. పట్టు కంటే చేతులు బంతిని ఆహ్వానించే తీరు ముఖ్యం. వేళ్లు విప్పి, రెండు బొటనవేళ్లూ దాదాపు కలిసేలా అరచేతులను బంతి వెనక ఉంచి, అది తగిలిన క్షణంలో మోచేతులు వంచుతూ ఒక జానెడు వెనక్కి తీసుకోవాలి, ఛాతీకి మాత్రం తగలనీయకూడదు. మా జట్టులో యాభై దాటిన ఒక వదిన ఉన్నారు. రోజూ తడి బిందెలు ఎత్తిన చేతులు కాబట్టేమో, వాన పడినప్పుడు మిగతా ఆరుగురికంటే ఆవిడ చేతుల్లోనే బంతి నిలుస్తుంది. కొత్తవాళ్లకు నేను ఆవిడ మోచేతులు చూడమని చెబుతాను.

విసిరేటప్పుడు వేలికొసలతో మెలితిప్పే త్రోలు మానేసి, అరచేయంతా బంతి వెనక ఉంచి నేరుగా వేయాలి. సర్వీసుకు విజిల్ తరువాత ఐదు సెకన్లే ఉంటాయి కాబట్టి చేతులు తుడుచుకునే పని విజిల్‌కు ముందే పూర్తికావాలి. పాలిథీన్ సంచిలో మూడు పొడి తువ్వాళ్లు కోర్టు పక్కన మాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

అపోహ: బురదలో వట్టికాళ్లతో ఆడితే పట్టు దొరుకుతుంది, సిమెంటు కోర్టయితే జారే భయమే లేదు.

రెండూ తప్పే. నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే, కాలి మీది చిన్న గీతలోంచి కూడా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకవచ్చు. వానల తరువాత చెన్నైలో వైద్యులు దీని గురించి హెచ్చరిస్తూనే ఉంటారు. ఆడిన వారం, రెండు వారాల్లో గట్టి జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే నీటిలో ఆడామన్న సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఇక నీడపట్టున పాచి పట్టిన సిమెంటు, అపార్టుమెంట్ల టైల్సు బురదకంటే ఎక్కువ జారుతాయి. బురదలో కాలు కూరుకుపోయి ఆగుతుంది, పాచి మీద ఆగదు. గెంతి దిగే ఆటల్లో మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. అందువల్ల నేల తడిగా ఉన్నంతసేపు ఎగిరి విసిరే త్రోలు మా జట్టులో నిషేధం. పాయింటు పోయినా సరే, నేల మీద నిలబడే వేస్తాం.

గుంటలో నీళ్లుండగానే మట్టి పోసేస్తే ఆరిపోతుందనుకోవడమూ పొరపాటే, అది ఇంకా బురదవుతుంది. ముందు నీళ్లను వైపరుతో లాగి, స్పాంజితో పీల్చి, ఆపైన దుమ్ము లేని ముతక ఇసుక పలచగా చల్లాలి.

అపోహ: చల్లగా ఉంది కదా, నీళ్లు అక్కర్లేదు.

వాన రోజున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఎంత చెమట పోయిందో వాన తడిలో మనకే తెలియదు. సెట్టుకు ఉండే రెండు 30 సెకన్ల టైమవుట్లలోనూ దాహం లేకపోయినా రెండు గుక్కలు తాగాల్సిందే.

అపోహ: నెట్ ఒకసారి కట్టాక మళ్లీ చూడనక్కర్లేదు.

నెట్ ఎత్తు 2.2 మీటర్లు ఉండాలి. నైలాను తాడు తడిస్తే సాగుతుంది, నీరు పట్టిన వల బరువుకు మధ్యభాగం కిందికి దిగుతుంది. ఎత్తు గుర్తు పెట్టిన వెదురు కర్ర ఒకటి మేం వెంట తీసుకెళ్తాం. మొన్నటి మ్యాచ్‌లో రెండో సెట్టుకు ముందు ఆ కర్ర పెట్టి చూస్తే నెట్ మధ్యలో నాలుగు వేళ్ల మేర దిగి ఉంది. అప్పుడు మేం ముందంజలో ఉన్నాం. అయినా రెఫరీకి చూపించి, రెండు జట్ల ఆడవాళ్లం కలిసి తాడు బిగించాకే సర్వీసు మొదలైంది.