గోడ అలమారలో పద్నాలుగు డిగ్రీలు

మా బావగారు మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఫ్లాటు. ఆయనకు వైన్ అంటే ఇష్టం. మన ఊళ్లో వైన్ షాపు బోర్డు కింద అన్ని రకాల మందూ అమ్ముతారు గానీ, నేను చెబుతున్నది అచ్చంగా ద్రాక్షరసం పులియబెట్టి చేసే వైన్ గురించి. ఆ సీసాలు ఫ్రిజ్‌లో కూరగాయల చోటంతా ఆక్రమించేసరికి అక్క ఊరుకోలేదు. చివరికి పడగ్గదిలో గోడ అలమార ఒకటి ఖాళీ చేసి ఇచ్చింది, ఒక షరతు మీద. రాత్రి చిన్న చప్పుడు కూడా వినిపించకూడదు.

"నువ్వు ఫిజిక్స్ చెప్తావు కదా, లెక్క వేసి పెట్టు" అన్నారు బావగారు. ఆ లెక్కే ఈ వ్యాసం.

వైన్‌ను ఏళ్ల తరబడి దాచాలంటే దాదాపు 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం కావాలి. వేడి పెరిగేకొద్దీ లోపల రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు అనేది రసాయన శాస్త్రంలో పాత మోటు లెక్క. ఎండ తగలకూడదు, సీసాలు కదలకూడదు. గాలిలో తేమ 60, 70 శాతం ఉంటే బిరడా ఎండిపోదు. మరీ ఎక్కువైతే లేబుళ్లకు బూజు పడుతుంది.

యూరప్‌లో దీనికి నేలమాళిగ చాలు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ 18వ శతాబ్దంలో పారిస్ అబ్జర్వేటరీ కింద సుమారు 28 మీటర్ల లోతులో థర్మామీటర్ పెట్టించాడు. వేసవైనా చలికాలమైనా అది 12 డిగ్రీలకు కాస్త కిందే నిలిచింది. కొన్ని మీటర్ల లోతుకు వెళితే పగలూ రాత్రీ, ఎండా వానా అన్నీ కలిసిపోయి, నేల ఆ ఊరి సంవత్సర సగటు ఉష్ణోగ్రత దగ్గర స్థిరపడుతుంది. ఫ్రాన్స్ ఉత్తర భాగంలో ఆ సగటు పది పదకొండు డిగ్రీలు. విశాఖలో 27, 28. అంటే మన ఊళ్లో ఎంత లోతుగా తవ్వినా దొరికేది పంఖా వేసుకోవలసిన గదే. ఇక్కడ చల్లదనం మిషనుతోనే రావాలి. మిషను అన్నాక చప్పుడు ఉంటుంది.

చప్పుడు తగ్గించాలంటే మంచి మిషను కొనాలని అందరూ అనుకుంటారు, మొదట నేనూ అదే అనుకున్నాను. లెక్క వేసి చూస్తే విషయం గోడల్లో ఉంది. బావగారి అలమార 1.2 మీటర్ల వెడల్పు, 0.6 లోతు, 2.4 ఎత్తు. ఆరు వైపులా కలిపి సుమారు 10 చదరపు మీటర్లు. గదిలో 30 డిగ్రీలు, లోపల 14 అనుకుందాం. చుట్టూ ఉన్నది సిమెంటు పూసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడే అయితే లోపలికి 400 వాట్లకు పైగా వేడి చొరబడుతుంది. అదే గోడకు 75 మిల్లీమీటర్ల మందంలో మంచి ఫోమ్ షీట్లు అతికిస్తే 60 వాట్లకు కాస్త లోపే. ఒకప్పటి గుండ్రటి బల్బు వేడి అంత. 400 వాట్లు బయటికి తోడాలంటే ఫ్యాను గట్టిగా తిరగాలి. 60 వాట్లకు మెల్లగా తిరిగితే సరిపోతుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గితే దాని చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది.

ఆ ఫోమ్ కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. విశాఖ నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యలన్నీ ముందు కోల్డ్ స్టోరేజీల్లో పఫ్ ప్యానెళ్ల, అంటే పాలియురెథేన్ ఫోమ్ నింపిన పలకల మధ్య ఉండేవే. వాటిని బిగించే పనివాళ్లు మన ఊళ్లోనే దొరుకుతారు.

అసలు కష్టం తేమతో వచ్చింది.

చల్లటి నీళ్ల చెంబు బయట పెడితే నిమిషంలో చెమరుస్తుంది. 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉంటే, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి 25 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు కట్టడం మొదలవుతుంది. అలమార లోపల ఉండవలసింది 8 గ్రాములే. ఆవిరి పీడనం బయట లోపలికంటే మూడు రెట్లు. అందుకే పగలూ రాత్రీ ఆవిరి గోడ గుండా, ఫోమ్ అతుకుల గుండా లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది.

మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. చలి దేశాల ఇళ్ల గురించి చదివి, ఆవిరిని ఆపే పాలిథిన్ షీటును ఫోమ్‌కు లోపలి వైపు వేయించాను. అక్కడ వెచ్చదనం ఇంటి లోపల ఉంటుంది కాబట్టి ఆ ఇళ్లకు అది సరైనదే. మనకు వెచ్చని వైపు బయట. బయటి నుంచి వచ్చిన ఆవిరి ఫోమ్ అతుకులన్నీ దాటి, చల్లని పాలిథిన్‌కు తగిలి నీరై అక్కడే చిక్కుకుంది. ఒక వానాకాలం గడిచాక విప్పి చూస్తే ప్లైవుడ్ ఉబ్బిపోయింది, నల్లటి బూజు పట్టింది. ఫోమ్ కంటే నీరు దాదాపు ఇరవై రెట్లు సులువుగా వేడిని మోస్తుంది. కాబట్టి తడిసిన గోడ ఉన్నా లేనట్టే. అక్క ఏమీ అనలేదు. నాకే బాధేసింది. రెండోసారి ముందు ఇటుక గోడ మీద పాలిథిన్, ఆ తర్వాత ఫోమ్, అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు. తలుపుకు కూడా అదే వరస, చుట్టూ ఫ్రిజ్ తలుపుకు ఉండే రబ్బరు గ్యాస్కెట్.

ఇక మిషను. బొత్తిగా చప్పుడు చేయని పద్ధతులు రెండున్నాయి. 1834లో ఫ్రాన్స్‌లో పెల్టియే రెండు వేరువేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే ఒక దిశలో అతుకు చల్లబడుతుందని, దిశ మారిస్తే వేడెక్కుతుందని గమనించాడు. ఈనాటి చిన్న వైన్ కూలర్లలో చాలావరకు పనిచేసేది అదే. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఫన్ ప్లాటెన్, మున్టెర్స్ అనే ఇద్దరు అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌లతో, కేవలం వేడి ఇస్తే నడిచే ఫ్రిజ్ కనిపెట్టారు. హోటల్ గదుల్లో మంచం పక్కన ఉండే చిన్న ఫ్రిజ్‌లు చాలా ఏళ్లు అవే. రెండూ నాకు ఎంతో నచ్చిన ఆవిష్కరణలు. కానీ 60 వాట్ల వేడి తోడడానికి అవి వంద వాట్లకు పైగా కరెంటు మింగుతాయి. ఆ వేడంతా మళ్లీ పడగ్గదిలోకే వస్తుంది. మన వేసవిలో అది నడిచే పని కాదు. మామూలు ఏసీ పెడదామంటే రిమోట్ 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

మిగిలింది కంప్రెసర్. అది నలభై యాభై వాట్లతో పని కానిస్తుంది. చప్పుడు చేసే భాగాన్ని రాగి పైపులతో నాలుగు మీటర్ల అవతల యుటిలిటీ బాల్కనీలో పెట్టాం. అయినా మొదటి రాత్రి సన్నటి గూం... మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాని మీద నేరుగా నడిచే మోటారు 100 హెర్ట్జ్ దగ్గర గుంయ్‌మంటుంది. బొబ్బిలి వీణలో తీగ ఒక్కటే మోగితే పక్కవాళ్లకు కూడా సరిగా వినపడదు. పనస చెక్కతో చేసిన కుండ దాన్ని అందుకుంటేనే గదంతా నిండుతుంది. ఇక్కడ పైపు తీగ, అలమార ప్లైవుడ్ కుండ. పైపును గోడకు బిగించిన చోటల్లా కింద రబ్బరు వేసి, మధ్యలో ఒక చుట్ట తిప్పి వదులుగా ఉంచాక ఆ గూం పోయింది.

ఇక కరెంటు పోవడం సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి దెబ్బకు ఏ అలమారా ఆగదు. మామూలు కోతకు మాత్రం భయం లేదు. వంద సీసాలు నిండుగా ఉంటే ఆ బరువే వేడిని మింగుతుంది, లోపల గంటకు ముప్పావు డిగ్రీ లోపే పెరుగుతుంది. సీసాలు తక్కువున్న రోజుల్లో బావగారు ఖాళీ అరల్లో నీళ్ల బాటిళ్లు నింపి పెడతారు.

బాల్కనీలోని కాయిల్‌ను నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. లేదంటే ఉప్పుగాలి అల్యూమినియం రెక్కలను తినేస్తుంది.

లోపలి కాయిల్ మీద కట్టిన నీరు సన్నటి గొట్టం ద్వారా బాల్కనీలో ఒక బాటిల్‌లోకి దిగుతుంది. బయటి గాలి ఒక ఘనపు మీటరు లోపలికి దూరితే సుమారు 15 గ్రాముల నీరు అక్కడ చేరుతుంది. కాబట్టి అలమార ఎంత కారుతోందో ఆ బాటిలే చెబుతుంది. మొదటి వారం రోజుకు లీటరు దాకా వచ్చింది. అంటే అరవై ఘనపు మీటర్లకు పైగా గాలి. అగరువత్తి వెలిగించి తలుపు అంచు వెంబడి తిప్పితే, కింది మూల దగ్గర పొగ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. అక్కడ గ్యాస్కెట్ మార్చాం. ఇప్పుడు రోజుకు ఒక టీ గ్లాసు నీళ్లు వస్తున్నాయి. బావగారు పొద్దున్నే వాటిని కొలిచి, డైరీలో రాసి, తులసి కుండీలో పోస్తారు.