పండుగప్ప పిల్లలు ఎందుకు చస్తున్నాయి: గొడవ వెనక పాత కథ

కర్నూలు-కడప (కేసీ) కెనాల్ పక్క చెరువుల్లో పండుగప్ప (సముద్రపు చేపే, మంచి నీళ్ళలోనూ పెరుగుతుంది) పిల్లలు చచ్చి తేలుతున్నాయన్న గొడవ మళ్ళీ లేచింది. కోస్తా నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు సంచి విప్పేటప్పుడు బాగానే ఈదుతాయి, రెండో రోజో మూడో రోజో గట్టు వెంబడి తెల్లగా తేలతాయి. మీ నీళ్ళు పడలేదు అంటారు అమ్మినవాళ్ళు. కర్నూలు రైతు అడిగేది ఒకటే: "నీళ్ళే చెడ్డవైతే పక్క చెరువులో బొచ్చెలు, శీలావతులు ఎట్ల బతికినాయప్పా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు నీళ్ళలో కంటే తిండిలో ఎక్కువుందని నా అనుమానం.

1957లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో శీలావతి లాంటి మంచినీటి చేపల చేత గుడ్లు పెట్టించిన కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 1997లో చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకంపై పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) పండుగప్ప చేత కూడా హేచరీలో గుడ్లు పెట్టించింది. పిల్ల పుట్టించడం అక్కడితో తేలిపోయింది. పుట్టినదాన్ని మొదటి మూడు వారాలు దేంతో మేపాలన్నదే చిక్కు, ఆ చిక్కు విడిపోయింది ఇక్కడ కాదు, జపాన్‌లో.

అక్కడ 1960ల్లో సముద్రపు చేప పిల్లలకు రోటిఫర్లు పెట్టడం మొదలైంది. రోటిఫర్ అంటే కంటికి ఆనీ ఆనని నీటి పురుగు, పిల్ల నోట్లో పట్టేంత చిన్నది. దాన్ని పెంచడానికి నాచు కావాలి, నాచు పెంచడం పెద్ద పని, అందుకని రొట్టెలు పొంగించే ఈస్ట్ వేసి చూశారు. రోటిఫర్లు కుప్పలుగా పెరిగాయి. అందరూ సంబరపడ్డారు. కానీ వాటిని తిన్న రెడ్ సీ బ్రీమ్ అనే సముద్రపు చేప పిల్లలు కడుపు నిండా తిని కూడా గుంపులుగా చచ్చిపోయేవి. నాచు తిన్న రోటిఫర్లు పెడితే మాత్రం బతికేవి. పురుగు అదే, ట్యాంకు అదే, పురుగు తిన్న తిండి ఒక్కటే తేడా.

జపాన్ శాస్త్రవేత్త తకేషి వతనబే బృందం ఆ తేడా ఎక్కడుందో పట్టుకుంది. ఈస్ట్‌లో ఒమేగా-3 పొడవాటి కొవ్వు ఆమ్లాలు, అంటే ఈపీఏ, డీహెచ్ఏ, దాదాపు లేవు. మంచినీటి చేపల్లో చాలావాటికి నాచులో దొరికే పొట్టి లినోలెనిక్ ఆమ్లం చాలు, కాలేయంలో ఎంజైములు దాన్ని సాగదీసి డీహెచ్ఏ దాకా తీసుకెళ్తాయి. 2001లో జీబ్రా ఫిష్ అనే చిన్న మంచినీటి చేపలో ఇందుకు కావలసిన పనుల్లో రెండింటిని ఒక్క ఎంజైమే చేయడం చూశారు. సముద్రపు చేపల్లో చాలావాటికి ఈ పని సరిగ్గా చేతకాదు, వాటికి డీహెచ్ఏ తయారుగా నోటికి అందాల్సిందే. అది మెదడుకూ కంటికీ కావలసిన సరుకు. డీహెచ్ఏ సరిపడా అందని హెర్రింగ్ (ఇదీ సముద్రపు చేపే) పిల్లలు మసక వెలుతురులో మేతను సరిగ్గా చూడలేకపోయాయని 1995లో తేల్చారు. రైతు బొచ్చె ప్రశ్నకు సగం జవాబు ఇదే. బొచ్చె ఇంట్లో వండుకు తింటుంది, పండుగప్పకు క్యారేజీ రావాలి.

అసలు మలుపు ఇంకోటి ఉంది. ఆ కొవ్వు సరిపడా అందని పిల్ల ట్యాంకులో ఉన్నంతసేపూ మామూలుగానే కనిపిస్తుంది. అందుకని జపాన్‌వాళ్ళు పిల్లల్ని చిన్న వలతో పైకెత్తి, కాసేపు గాలిలో ఉంచి, మళ్ళీ నీళ్ళలో వేసి ఎన్ని బతికాయో లెక్కపెట్టేవారు. మంచి కొవ్వు తిన్నవి తట్టుకునేవి, తిననివి తట్టుకోలేకపోయేవి. రొయ్య పిల్ల కొనే కోస్తా రైతు ఉప్పు తగ్గించిన నీళ్ళలో వేసి చేసే స్ట్రెస్ టెస్ట్ ఇలాంటిదే. లారీలో రాత్రంతా కుదుపులు తిని ఉప్పు నీళ్ళనుంచి మంచి నీళ్ళలోకి వచ్చిన పిల్లకు మన చెరువే ఆ టెస్ట్.

రోటిఫర్ల తర్వాత పెట్టేది ఆర్టీమియా, ఉప్పు సరస్సుల్లో బతికే చిన్న రొయ్యలాంటి జీవి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ గుడ్లు డబ్బాల్లో వస్తాయి, పొదిగి పెట్టడమే. సుఖమే, కానీ వాటిలో లినోలెనిక్ దండిగా ఉన్నా డీహెచ్ఏ ఉండదు. అందుకని చేప నూనెను పాలలా గిలకొట్టిన ఎమల్షన్‌లో ముంచి పట్టించాలి. పొదిగిన వెంటనే వేస్తే లాభం లేదు, ఎనిమిది గంటలు దాటితేగానీ దానికి నోరు తెరుచుకోదు. పట్టించాక వెచ్చటి నీళ్ళలో ఊరికే వదిలేస్తే అది ఆ డీహెచ్ఏను ఈపీఏగా మార్చి ఖర్చు పెట్టేస్తుంది. ఐస్ వేసి చల్లగా ఉంచాలి, లేదా వెంటనే పెట్టేయాలి. ఎమల్షన్ ఖర్చు, ఐస్ ఖర్చు, మనిషి కూలి. హేచరీవాడు ఎక్కడ మిగిలించుకోవచ్చో చెప్పక్కర్లేదు.

అమ్మినవాళ్ళ మాటలోనూ కొంత నిజముంది. ఉప్పు మెల్లగా తగ్గించకపోతే మంచి పిల్ల కూడా చస్తుంది, సైజులు వేరు చేయకపోతే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. కానీ మింగితే చెరువులో పిల్ల మాయమవుతుంది, గట్టున తేలదు.

నాకు తెలిసిన ఒక రైతు బిల్లు చూపించాడు. అంగుళం సైజు, ఇన్ని పిల్లలు, ఇంత రేటు, అంతే. మొదటి మూడు వారాలు ఏం పెట్టారని అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి అడిగాను. "ఆర్టీమియానే సార్, మంచి కంపెనీ డబ్బా" అన్నారు. నూనె పట్టించారా అంటే, అది మా టెక్నీషియన్‌ను అడగాలన్నారు. టెక్నీషియన్ ఫోన్ ఇప్పటికీ కలవలేదు.