‘చరిత్రలో ఈ రోజు’, జీకే: అపోహలు - వాస్తవాలు

ప్రపంచ వార్తలు, జీకే ప్రశ్నలు, ‘చరిత్రలో ఈ రోజు’ కలిపి రోజూ ఒక పేజీ తయారుచేయడం నా పని. నిరుడు ఇదే తేదీన వేసిన పేజీ తీసి, నాలుగు కొత్త వార్తలు చేరిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా చేయడం వల్లే కొన్ని తప్పులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వాటినే బట్టీ పడుతుంటే బాధగా ఉంటుంది.

అపోహ: పుస్తకంలో ఉన్న తేదీని ఉన్నట్టు రాస్తే చాలు.

వాస్తవం: ఆ తేదీ ఏ క్యాలెండర్‌దో ముందు చూడాలి. పాత జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది, అసలు సౌర సంవత్సరం కన్నా సుమారు 11 నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి ఆ నిమిషాలే రోజులయ్యాయి. అందుకే 1582లో పోప్ 13వ గ్రెగరీ సంస్కరణతో ఇటలీ, స్పెయిన్‌లలో అక్టోబర్ 4 మర్నాడే అక్టోబర్ 15 వచ్చింది. బ్రిటన్ 1752లో, రష్యా 1918లో గానీ మారలేదు. అన్నాళ్లూ ఐరోపాలో ఒకే రోజుకు రెండు తేదీలు నడిచాయి.

‘గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు’ అన్న మాట ఈ గందరగోళంలోంచి వచ్చిందే. గెలీలియో మరణించింది కొత్త లెక్కలో 1642 జనవరి 8న. న్యూటన్ పుట్టిన 1642 డిసెంబర్ 25 ఇంగ్లండ్ పాత లెక్క. కొత్త లెక్కలో అది 1643 జనవరి 4. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరికీ 1616 ఏప్రిల్ 23 అనే రాస్తుంటారు. కానీ షేక్‌స్పియర్ తేదీ కొత్త లెక్కలో మే 3. సెర్వాంటెస్ 22నే మరణించారని, 23 ఖననం జరిగిన తేదీ అని పరిశోధకులు చెబుతారు. రష్యా ‘అక్టోబర్ విప్లవం’ నవంబర్ 7న ఎందుకొస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: ఈ తిప్పలన్నీ పాతకాలం ఘటనలకే.

వాస్తవం: చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపినప్పుడు గ్రీనిచ్ కాలమానంలో 1969 జులై 21, తెల్లవారుజామున 2:56. అమెరికాలో ఇంకా జులై 20 రాత్రే. రెండు తేదీలూ సరైనవే, ఏ కాలమానమో పక్కన రాయాలి. జర్మనీ లొంగుబాటు 1945 మే 8 రాత్రి అమల్లోకి వచ్చేసరికి మాస్కోలో 9వ తేదీ వచ్చేసింది. విజయ దినం రెండు తేదీల్లో జరగడానికి అదే కారణం.

అపోహ: జీకే ఒకసారి నేర్చుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

వాస్తవం: కజకిస్తాన్ రాజధానిని చూడండి. 1997లో అల్మాటీ నుంచి మారింది. 1998లో అస్తానా అని పేరు పెట్టారు, 2019లో నూర్‌సుల్తాన్ చేశారు, 2022లో మళ్లీ అస్తానా అన్నారు. ఈ ఒక్క ప్రశ్నకు 2020 నాటి పుస్తకం కన్నా 2010 నాటి పుస్తకమే నేడు సరైన జవాబిస్తుంది. ఎవరెస్ట్ ఎత్తు కూడా 2020 డిసెంబర్ నుంచి 8,848.86 మీటర్లు. జవాబు పక్కన ‘ఎప్పటికి’ అన్నది రాసుకోవడం అలవాటు చేసుకోండి.

అపోహ: చంద్రుడి నుంచి చైనా గోడ కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. గోడ పొడవు వేల కిలోమీటర్లున్నా వెడల్పు కొన్ని మీటర్లే, రంగూ చుట్టూ ఉన్న నేలలో కలిసిపోతుంది. చంద్రుడి దాకా ఎందుకు, 2003లో భూకక్ష్యలోకి వెళ్లిన చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ తనకే కనిపించలేదన్నారు.

అపోహ: పది చోట్ల ఒకేలా ఉంటే అది నిజమే.

వాస్తవం: ఒకరిని చూసి తొమ్మిది మంది రాసినా పదీ ఒకేలా ఉంటాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 1776 జులై 4న అందరూ సంతకాలు చేశారని ఎన్నో చోట్ల కనిపిస్తుంది. స్వాతంత్ర్యానికి ఓటు వేసింది జులై 2న. 4న ప్రకటన పాఠాన్ని ఆమోదించారు. ఎక్కువ మంది సంతకం పెట్టింది ఆగస్టు 2న.

అపోహ: ఆ రోజు వార్తలో వచ్చిన అంకెనే వార్షికోత్సవానికి వాడొచ్చు.

వాస్తవం: 2004 డిసెంబర్ 26న హిందూ మహాసముద్ర భూకంపం తీవ్రత తొలి బులెటిన్‌లో 8.0. ఇప్పుడు లెక్కలో ఉన్నది 9.1. అంత పెద్ద భూకంపాన్ని సరిగ్గా కొలవాలంటే నెమ్మదిగా సాగే పొడవాటి తరంగాల సమాచారం కూడా కావాలి, అప్పట్లో దానికి గంటలు పట్టింది. మృతుల సంఖ్య స్పష్టం కావడానికి నెలలు పట్టింది. అందుకే డిసెంబర్ 26 పేజీకి ఆనాటి పత్రికలో అంకె తీసుకోను, తర్వాతి అధ్యయనాల అంకే వేస్తాను.